వంతెన మీద మొదలుపెట్టండి: థేమ్స్ ఒడ్డున వాలింగ్‌ఫర్డ్‌లో ఒక రోజు

మొదటిసారి వాలింగ్‌ఫర్డ్ వెళ్ళినప్పుడు నేను కోటను వెతుక్కుంటూ వెళ్ళాను. ఇంగ్లండ్‌లో ఎంతో పేరుమోసిన కోట అక్కడ ఉండేదని ఎక్కడో చదివి, గోల్కొండ లాంటిదేదో కనబడుతుందనుకుని, బస్సు దిగీ దిగగానే అటు నడిచాను. పచ్చగడ్డి దిబ్బలు, రెండు మూడు మొండిగోడలు, మేస్తున్న ఆవులు. ఇంతేనా అనుకుని తర్వాతి బస్సుకే రెడింగ్ తిరిగి వచ్చేశాను.

మరుసటి ఏడు వేసవిలో మా నాన్నగారు వచ్చారు. ఆయన్ని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. బస్సు దిగగానే ఆయన అన్న మాట: "ఊరు తర్వాత. ముందు ఏరు చూద్దాం పద." వంతెన దగ్గర అరగంట నిలబడ్డాం. ఆ అరగంటలోనే నాకు ఊరు అర్థం కావడం మొదలైంది. అందుకే ఈ మార్గదర్శిలో ఏమేమి చూడాలన్నదానికన్నా ఏ వరుసలో చూడాలన్నదే ఎక్కువ ఉంటుంది. వాలింగ్‌ఫర్డ్‌ను తప్పు వరుసలో చూస్తే అరగంటలో అయిపోతుంది, సరైన వరుసలో చూస్తే రోజు చాలదు.

ఊరెక్కడుందో ముందు చెప్పుకుందాం. ఆక్స్‌ఫర్డ్‌కూ రెడింగ్‌కూ నడుమ, థేమ్స్ నది పడమటి ఒడ్డున ఉంది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో ఉన్నా, 1974 వరకు బెర్క్‌షైర్‌కు చెందింది. పేరు చివరనున్న "ఫర్డ్" అంటే నదిని కాలినడకన దాటగలిగేంత లోతు తక్కువ చోటు. మన పాత తెలుగులో దీన్ని కాలిరేవు అన్నారు. ఈ ఊరి కథంతా ఆ కాలిరేవులోనే ఉంది.

మొదటి అడుగు: రోజు ఎంచుకోవడం

ఇది సంత పట్టణం కాబట్టి సంత రోజున వెళ్ళడం మేలు. వాలింగ్‌ఫర్డ్ సంత శుక్రవారం. రెండో హెన్రీ రాజు 1155లో ఈ పట్టణానికి హక్కుపత్రం ఇచ్చాడు, సంత హక్కు కూడా ఆ కాలం నుంచి వస్తున్నదే. మన వారపు సంతల సందడి ఊహించుకుని వెళ్ళకండి. చౌకులో కొన్ని గుడారాల దుకాణాలు, కూరగాయలు, రొట్టెలు, పూలమొక్కలు, చేపలు, అంతే. బేరాలు ఉండవు, అరుపులు అసలే ఉండవు.

పిల్లలు వెంట ఉంటే మాత్రం నేను శుక్రవారం వద్దంటాను. వాలింగ్‌ఫర్డ్‌కూ పక్కనున్న చోల్సీకీ మధ్య పాతకాలపు చిన్న రైలుమార్గం ఉంది. 1866లో తెరిచారు, 1959లో ప్రయాణికుల రైళ్ళు ఆపేశారు. ఇప్పుడు స్వచ్ఛంద సేవకులు దాన్ని సంవత్సరంలో కొన్ని వారాంతాలు, సెలవు రోజుల్లో మాత్రమే నడుపుతారు. స్థానికులు ఆ రైలును ముద్దుగా "బంక్" అంటారు. సంతా, రైలూ ఒకే రోజు దొరకడం అరుదు. ఏది కావాలో ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరండి.

కాలం సంగతి కూడా చూసుకోవాలి. పట్టణ మ్యూజియం చలికాలంలో మూసి ఉంటుంది, మిగతా నెలల్లోనూ వారంలో అన్ని రోజులూ తెరవరు. బయలుదేరే ముందు రోజు వారి వెబ్‌సైట్ చూడండి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. పైగా చలికాలపు వానలకు నది పొంగితే ఒడ్డు బాటలు, కోట పచ్చికలు బురదమయం. మే నుంచి సెప్టెంబరు వరకు అయితే ఈ బాధలు లేవు, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగుంటుంది.

రెండో అడుగు: చేరుకోవడం

వాలింగ్‌ఫర్డ్‌కు రోజూ నడిచే మామూలు రైలు లేదు. లండన్ నుంచి వచ్చేవారు పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కి రెడింగ్‌లో దిగి, అక్కడి నుంచి బస్సు పట్టుకోవడం తేలిక. ఆక్స్‌ఫర్డ్‌లో ఉంటే అక్కడి నుంచీ నేరుగా బస్సుంది. రెండు వైపుల నుంచీ ప్రయాణం దాదాపు ముప్పావు గంట, రద్దీని బట్టి కొంచెం అటూ ఇటూ. నడక ఇష్టమున్నవారు రెడింగ్, డిడ్కాట్‌ల మధ్య ఆగుతూ పోయే రైలెక్కి చోల్సీలో దిగి, సుమారు నాలుగు కిలోమీటర్లు నడిచి రావచ్చు. ఆ దారి సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే దాన్ని తిరుగు ప్రయాణానికి దాచుకోవడమే మంచిది.

కొత్తగా వచ్చినవారికి రెండు మాటలు. బస్సు రావడం కనబడగానే చెయ్యి చాపాలి, లేకపోతే ఆగకుండా వెళ్ళిపోవచ్చు. టికెట్టుకు బ్యాంకు కార్డు యంత్రానికి తాకిస్తే చాలు. ఆదివారాలు బస్సులు తక్కువ, సాయంత్రం త్వరగా ఆగిపోతాయి. నేను ఒకసారి సూర్యుడింకా నడినెత్తిన ఉన్నట్టే ఉంది కదా అని నది ఒడ్డున కూర్చుండిపోయి, చివరి బస్సు తప్పిపోయి, టాక్సీకి ఆ రోజు భోజనం ఖర్చుకు మూడింతలు ఇచ్చుకున్నాను. దిగగానే తిరుగు బస్సు వేళల పట్టికను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

మూడో అడుగు: వంతెన

బస్సు చౌకులో దిగుతారు. చుట్టూ ఉన్నవేవీ అప్పుడే చూడకండి. హై స్ట్రీట్ పట్టుకుని తూర్పుకు, పల్లానికి నడవండి. అయిదు నిమిషాల్లో వంతెన వస్తుంది. ఆగకుండా దాటి, అవతలి ఒడ్డున ఉన్న క్రోమార్ష్ వైపు దిగి, అప్పుడు వెనక్కి తిరగండి. ఊరిని శత్రువు చూసినట్టు చూడాలి. ఇది తమాషాకు అంటున్న మాట కాదు, ఈ ఊరు కట్టిందే అలా చూసేవాళ్ళ కోసం.

వంతెన పొడవు దాదాపు 900 అడుగులు. నది వెడల్పు మాత్రం అందులో కొంతే. కమానుల్లో ఎక్కువ భాగం నీటి మీద కాదు, పచ్చిక మీద నిలబడి ఉంటాయి. వేసవిలో చూస్తే ఇంత రాయి ఎందుకు దండగ చేశారని అనిపిస్తుంది. చలికాలంలో థేమ్స్ పొంగి పచ్చిక మీదికి పాకినప్పుడు తెలుస్తుంది ఎందుకో. మధ్యయుగంలో కట్టినవాళ్ళు నది ఎక్కడ ఉందో కాక, ఎక్కడిదాకా వస్తుందో కొలిచి కట్టారు. కిందికి దిగి కమానుల కిందనుంచి చూడండి: కొన్ని మొనదేలి ఉంటాయి, కొన్ని గుండ్రంగా ఉంటాయి. ఒక్కో కాలంలో ఒక్కో మరమ్మతు. 1809 వరదకు దెబ్బతిన్న మూడు కమానులను తిరిగి కట్టారు. అంతకుముందు 1646లో, రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధపు ముట్టడి సమయంలో నాలుగు కమానులు తీసేసి, ఎత్తి దించే చెక్క వంతెన పెట్టారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఊరు ఇక్కడే ఎందుకు? 1066లో ఫ్రాన్స్ ఉత్తరం నుంచి వచ్చి హేస్టింగ్స్ యుద్ధం గెలిచిన నార్మన్ విలియం లండన్ మీదికి వచ్చాడు. నదికి దక్షిణాన ఉన్న సదర్క్‌ను తగలబెట్టాడు గానీ లండన్ వంతెన దాటలేకపోయాడు. సైన్యాన్ని నడిపించుకుంటూ నది వెంబడి పడమటికి వచ్చి, దాటింది ఇక్కడ. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ స్టిగాండ్ ఆయనకు లొంగింది కూడా ఇక్కడే. అంటే ఇంగ్లండ్ రాజధానికి దొడ్డిదారి ఈ కాలిరేవు. ఊరు తనకు దారిచ్చినందుకు సంతోషించి, దేశమంతా రాత్రి ఎనిమిదింటికి దీపాలార్పే గంట మోగితే వాలింగ్‌ఫర్డ్‌కు మాత్రం తొమ్మిదింటి దాకా విలియం మినహాయింపు ఇచ్చాడని ఇక్కడి వాళ్ళు చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, తొమ్మిదింటి గంట ఊరి ఆచారం.

ఇంకో దృశ్యం 1153 నాటిది. స్టీఫెన్ రాజు సైన్యం ఈ ఒడ్డున, తర్వాత రెండో హెన్రీ అయిన యువకుడి సైన్యం ఆ ఒడ్డున, నడుమ నది. పద్నాలుగేళ్ళకు పైగా సాగిన వారసత్వ యుద్ధంతో విసిగిపోయిన సామంతులు ఇక మేం యుద్ధం చేయం అన్నారు. ఆ చర్చల నుంచే స్టీఫెన్ బతికినంతకాలం ఏలుకోవాలి, ఆ తర్వాత రాజ్యం హెన్రీది అన్న ఒప్పందం పుట్టింది. ఇందాక చెప్పిన 1155 హక్కుపత్రం, తన పక్షాన నిలబడ్డ ఊరికి హెన్రీ చెల్లించిన రుణం.

మరి ఇంతటి ఊరు ఇంత చిన్నగా ఎందుకు మిగిలింది? 1349 ప్రాంతంలో ప్లేగు సగం ప్రాణం తీసింది. మిగిలిన సగం 1416లో పోయింది. ఆ సంవత్సరం నదికి ఎగువన ఆబింగ్డన్ దగ్గర కొత్త వంతెనలు కట్టారు. లండన్ నుంచి గ్లోస్టర్ వెళ్ళే బండ్లన్నీ అటు తిరిగిపోయాయి. వంతెన మీద బతికిన ఊరిని మరో వంతెన పడగొట్టింది. ఒకప్పుడు పదికి పైగా చర్చిలున్న పట్టణంలో ఇప్పుడు మధ్యయుగపు పేర్లు మోస్తున్నవి మూడే మిగిలాయి. కొత్త బైపాస్ పడగానే పాత రోడ్డు మీది హోటళ్ళు ఎలా ఖాళీ అవుతాయో చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

క్రోమార్ష్ ఒడ్డు వదిలే ముందు ఇంకొక్క మాట. ఈ గ్రామంలోనే జెథ్రో టల్ వ్యవసాయం చేశాడు. 1701లో గుర్రం లాగే విత్తన యంత్రం తయారుచేసి, గింజలను వెదజల్లకుండా సాళ్ళలో పడేలా చేసినవాడిగా ఇంగ్లండ్ పాఠ్యపుస్తకాల్లో ఆయనకు పెద్ద పేరు. నేను ఈ సంగతి చెబితే నాన్నగారు అంతా విని, "అంటే గొర్రు" అన్నారు. అవును, గొర్రే. పైన జడ్డిగం, దానికి వెదురు గొట్టాలు, ఒక్కో సాలులో ఒక్కో ధార. 1790లలో దక్షిణ భారతంలో ఉన్న కెప్టెన్ హాల్కాట్ అనే ఆంగ్లేయుడు ఇలాంటి గొర్రును పొలంలో చూసి, ఇది ఈమధ్య యూరప్‌లో పుట్టిన యంత్రం అనుకున్నానే, ఇక్కడ తరతరాలుగా వాడుతున్నారే అని ఆశ్చర్యపోతూ రాశాడు. టల్ తన బుర్రతో తాను కనిపెట్టాడు, అందులో అనుమానం లేదు. నాన్నగారు మాత్రం ఆ రోజంతా క్రోమార్ష్‌ను "గొర్రు ఊరు" అనే పిలిచారు.

నాలుగో అడుగు: కోట

వంతెన తిరిగి దాటి, పట్టణం వైపున నది దారి గుర్తులు పట్టుకుని ఎగువకు నడిస్తే కోట పచ్చికలు వస్తాయి. ఇప్పుడు చూస్తే దిబ్బలు దిబ్బల్లా కనబడవు, రేవుకు కాపలాలా కనబడతాయి. విలియం దాటి వెళ్ళిన కొద్దికాలానికే రాబర్ట్ డోయిలీ అనే నార్మన్ ప్రభువు ఇక్కడ కోట కట్టించాడు. స్థానిక ప్రభువు విగోడ్ కూతురిని పెళ్ళాడి మరీ కట్టాడు.

ఇందాక చెప్పిన వారసత్వ యుద్ధంలో దీన్ని బ్రయన్ ఫిట్జ్‌కౌంట్, స్టీఫెన్‌తో సింహాసనానికి పోటీపడ్డ హెన్రీ తల్లి మటిల్డా తరఫున నిలబెట్టాడు. స్టీఫెన్ ఎన్నిసార్లు ముట్టడించినా పట్టుబడలేదు. 1142 డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్ కోటలో చిక్కుకున్న మటిల్డా రాత్రివేళ, మంచులో కనబడకుండా తెల్లబట్టలు కట్టుకుని, గడ్డకట్టిన నదిని దాటి, తప్పించుకుని చేరింది ఈ కోటకే. అయిదు వందల ఏళ్ళ తర్వాత పార్లమెంటు సైన్యం వచ్చినప్పుడూ రాజపక్షం నుంచి కల్నల్ థామస్ బ్లాగ్ 65 రోజులు తట్టుకుని, 1646 జూలైలో గానీ తలుపులు తీయలేదు. ఇంగ్లండ్‌లో రాజు పక్షాన చివరిదాకా నిలిచిన కొద్ది కోటల్లో ఇది ఒకటి. అదే దాని పాలిట శాపమైంది. ఇంత గట్టి కోటను మళ్ళీ ఎవరి చేతిలోనూ పడనివ్వకూడదని 1652లో పడగొట్టించారు. నేను మొదటిసారి "ఏమీ లేదు" అనుకుని వెనుదిరిగానే, ఆ ఏమీ లేకపోవడం కోట ఎంత గట్టిదో చెప్పే సాక్ష్యం.

అగడ్తలు ఇప్పటికీ లోతుగా ఉన్నాయి. గడ్డి మీద జారే చెప్పులతో దిగకండి. ఆవులుంటే దూరంగా నడవండి, దూడలుంటే ఇంకా దూరంగా. పక్కనే ఉన్న కోట తోటలో కోటకు చెందిన పాత సెయింట్ నికొలస్ ప్రార్థనాలయపు గోడ ఒకటి నిలిచి ఉంది, తెచ్చుకున్న పులిహోర తినడానికి ఊళ్ళో ఇంతకన్నా మంచి నీడ లేదు.

అయిదో అడుగు: మట్టికట్టలు, మ్యూజియం

కోట నార్మన్లది. ఊరు అంతకన్నా పాతది. తొమ్మిదో శతాబ్దం చివర్లో వైకింగుల దాడులకు అడ్డుకట్టగా ఆల్ఫ్రెడ్ రాజు దక్షిణ ఇంగ్లండ్‌లో వరుసగా కోటపట్టణాలు ఏర్పరచాడు. అందులో ఇది ఒకటి. మూడు వైపులా మట్టికట్ట, కందకం, నాలుగో వైపు నది. ఓరుగల్లు మట్టికోట చూసినవాళ్ళకు ఈ ఏర్పాటు ఇట్టే పట్టుబడుతుంది, అక్కడ రాతికోట చుట్టూ మట్టికోట ఉంటే ఇక్కడ మట్టికట్టే మొత్తం ఊరికి గోడ.

హై స్ట్రీట్ మీదుగా పడమటికి నడిస్తే ఎడమవైపు కైన్‌క్రాఫ్ట్ అనే పెద్ద మైదానం వస్తుంది. దాని పడమటి, దక్షిణపు అంచుల్లో ఉబ్బెత్తుగా కనబడేది ఆల్ఫ్రెడ్ కాలపు కట్ట. పిల్లలు దాని మీదినుంచి దొర్లుతూ ఉంటారు, కుక్కలు పరుగెడుతుంటాయి, చుట్టూ కంచె లేదు. పదకొండు వందల ఏళ్ళ కట్టడం అని ఎవరూ చెప్పకపోతే ఆటస్థలం అంచు అనుకుంటాం. రోడ్డు దాటి ఉత్తరాన ఉన్న బుల్‌క్రాఫ్ట్‌లోనూ ఈ కట్ట కొనసాగుతుంది. రెండింటి మీదా నడవండి, వీధులు ఒకదాన్నొకటి నిలువుగా అడ్డంగా కోసుకుంటూ పోవడం పైనుంచి గమనించండి. ఆ వీధుల అల్లిక కూడా ఆల్ఫ్రెడ్ నాటిదే.

ఇక్కడ చిన్న లెక్క వేసుకుంటే సరదాగా ఉంటుంది. ఆ కాలపు కోటపట్టణాల జాబితాలో వాలింగ్‌ఫర్డ్‌కు 2400 హైడ్ల భూమి కేటాయించారు. హైడు అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపోయే భూమి అన్న పాత కొలత. ఆల్ఫ్రెడ్ రాజధాని వించెస్టర్‌కూ అంతే. మిగతావాటిలో దాదాపు అన్నీ తక్కువే. హైడుకు ఒక మనిషి చొప్పున కాపలాకు రావాలి, ఇంచుమించు అయిదు మీటర్ల గోడకు నలుగురు నిలబడాలి. అంటే 2400 మంది కలిస్తే సుమారు మూడు కిలోమీటర్ల గోడ. ఊరి చుట్టుకొలతను భూమి శిస్తులోనే రాసిపెట్టారన్నమాట.

కైన్‌క్రాఫ్ట్‌కు ఎదురుగా, చెక్క దూలాల పాత ఇల్లు ఫ్లింట్ హౌస్‌లో పట్టణ మ్యూజియం ఉంది. చిన్నదే, గంటలో అయిపోతుంది. కోట నమూనా ముందు పది నిమిషాలు ఆగండి. మీరిప్పుడే నడిచి వచ్చిన దిబ్బల మీద ఏముండేదో అక్కడ కనబడుతుంది. ఇది కూడా వరుసలో చూడాల్సిందే: నమూనా ముందు చూసి కోటకు వెళ్తే నిరాశ, కోట ముందు చూసి నమూనా దగ్గరికి వస్తే ఆనందం.

మ్యూజియం దగ్గరే బెంచీ మీద పుస్తకం పట్టుకుని కూర్చున్న కంచు విగ్రహం ఆగథా క్రిస్టీది. 2023లో పెట్టారు, శిల్పి బెన్ ట్విస్టన్ డేవీస్. పక్కన ఖాళీ చోటు వదిలారు, ఫొటోకు అందరూ అక్కడే కూర్చుంటారు. ఆమె 1934లో ఊరికి దక్షిణాన వింటర్‌బ్రుక్‌లో ఇల్లు కొనుక్కుని, 1976 జనవరి 12న ఆ ఇంట్లోనే కన్నుమూశారు. ప్రపంచం ఆమెను నేర కథల రాణిగా చూసింది. ఈ ఊరివాళ్ళకు మాత్రం ఆమె స్థానిక నాటక సంఘం అధ్యక్షురాలు. 1951 నుంచి చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నారు.

ఆరో అడుగు: చౌకు, భోజనం

ఇప్పుడు తిరిగి చౌకుకు రండి. ముందు వదిలేసినదంతా ఇప్పుడు చూడొచ్చు. స్తంభాల మీద నిలబడ్డ టౌన్ హాల్ 1670 నాటిది. కింద నీడపట్టు, పైన సభామందిరం. మన పాత ఊళ్ళ చావడికి మేడ కడితే ఇలాగే ఉంటుంది. ఎదురుగా 1856లో కట్టిన ధాన్యం క్రయవిక్రయాల భవనం, కార్న్ ఎక్స్ఛేంజ్. రైతులు గుప్పెడు గింజలు చూపించి బేరం కుదుర్చుకున్న ఆ హాలు ఇప్పుడు నాటకశాల, సినిమాహాలు. ఇందాక చెప్పిన నాటక సంఘం, సైనడన్ ప్లేయర్స్, నడిపేది దీన్నే. సాయంత్రం ప్రదర్శన ఏదైనా ఉంటే, తిరుగు బస్సు లెక్క సరిపోతే, తప్పక చూడండి.

భోజనం సంగతి సూటిగా చెబుతాను. అన్నం దొరుకుతుందని ఆశపడకండి. శాకాహారులకు ఎక్కడైనా నమ్మకంగా దొరికేది కాల్చిన పెద్ద బంగాళాదుంప, దాని మీద చీజ్ గానీ బీన్స్ గానీ. కూరగాయల సూప్ అడిగితే మాంసం ఉడికించిన నీళ్ళతో చేశారా అని కూడా అడగండి. బంగాళాదుంప వేపుళ్ళను కొన్ని దుకాణాల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు, తినని వాళ్ళు ముందే కనుక్కోవాలి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. పబ్‌లో బల్ల దగ్గర కూర్చుని ఎదురు చూస్తే ఎవరూ రారు, చాలాచోట్ల కౌంటరు దగ్గరికి మనమే వెళ్ళి చెప్పి డబ్బు కట్టాలి. మధ్యాహ్నం టీతో పాటు స్కోన్ అనే రొట్టె, దాని మీద చిక్కటి మీగడ, జామ్ తినండి. ముందు మీగడా, ముందు జామా అన్న తగాదా ఇంగ్లండ్‌లో ఇంకా తెగలేదు. మీరు అందులో తలదూర్చకండి.

ఏడో అడుగు: నది పక్క వీధి

థేమ్స్ స్ట్రీట్‌ను చాలామంది వదిలేస్తారు. నాకు ఊరంతటిలో ఇష్టమైనది అదే. వంతెనకు దగ్గర్లో సెయింట్ పీటర్స్ చర్చి, దాని శిఖరం రాతితో అల్లిన జాలీలా ఆకాశం కనబడేట్టు ఉంటుంది. సర్ రాబర్ట్ టేలర్ 1777లో కట్టాడు. ఆ చర్చి కోసం పాటుపడి, అక్కడే సమాధి అయినవాడు విలియం బ్లాక్‌స్టోన్. లా చదివిన వాళ్ళకు ఈ పేరు చెబితే చాలు. ఇంగ్లండ్ చట్టాల మీద 1765 నుంచి 1769 వరకు ఆయన వెలువరించిన నాలుగు సంపుటాలు తర్వాత సామ్రాజ్యంలోని కోర్టులన్నింటికీ పాకాయి. ఒక్క నిరపరాధి శిక్ష పొందడం కన్నా పదిమంది దోషులు తప్పించుకోవడం మేలు అన్న సూత్రాన్ని మన న్యాయస్థానాల్లో ఎన్నిసార్లు వినలేదు? ఆ మాట రాసిన మనిషి ఈ వీధిలో కాపురమున్నాడు. 1780లో చనిపోయాడు.

వీధి చివర సెయింట్ లెనార్డ్స్. చిన్న చర్చి, పురాతనమైనది. లోపలి కమానుల మీద నార్మన్ కాలపు చెక్కడాలున్నాయి. 1646లో పార్లమెంటు సైనికులు దీన్ని బసగా వాడుకుని పాడుచేశారు. తలుపు తీసి ఉంటే నిశ్శబ్దంగా వెళ్ళి చూడండి. మూసి ఉంటే బయటి గోడలో చేపముళ్ళలా ఏటవాలుగా పేర్చిన రాళ్ళు వెతకండి.

ఎనిమిదో అడుగు: సాయంత్రానికి ఒకటే ఎంచుకోండి

మిగిలిన పూటకు రెండు దారులున్నాయి. రెండూ ఒకే రోజు కుదరవు.

కారు లేనివారికి చోల్సీ దారి. దక్షిణానికి నడుస్తూ వింటర్‌బ్రుక్ మీదుగా వెళ్ళండి. క్రిస్టీ ఇంటి గోడకు, ప్రముఖులు ఉన్న ఇళ్ళకు పెట్టే నీలి ఫలకం కనబడుతుంది. అది ఇప్పుడు వేరే వాళ్ళ ఇల్లు, గేటులోంచి తొంగిచూడకండి. ఆ తర్వాత పొలాల మీదుగా చోల్సీలోని సెయింట్ మేరీస్ చర్చి. క్రిస్టీ, ఆమె భర్త పురావస్తు శాస్త్రవేత్త మాక్స్ మాలోవన్ ఇద్దరి సమాధి ఆ ఆవరణలో ఒకటే రాతి కింద ఉంది. అక్కడి నుంచి స్టేషన్‌కు నడిచి రైలెక్కేయొచ్చు, వాలింగ్‌ఫర్డ్‌కు తిరిగి వచ్చే పని లేదు.

కారున్నవారు మాత్రం వంతెన దాటి చిల్టర్న్ కొండల్లోని స్టోక్ రో గ్రామానికి వెళ్ళండి. పది పన్నెండు కిలోమీటర్లు. ఆ ఊరి నడుమ, బంగారు పూత ఏనుగు బొమ్మతో, గుమ్మటం కింద ఒక బావి ఉంది. కట్టించినవాడు కాశీ మహారాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్.

కథ ఇది. వాలింగ్‌ఫర్డ్‌కు దగ్గర్లోని ఇప్స్‌డెన్‌కు చెందిన ఎడ్వర్డ్ రీడ్ మన దేశంలో ఉన్నతాధికారిగా పనిచేశాడు. 1831లో ఆజంగఢ్‌లో ప్రజల కోసం ఒక బావి తవ్వించాడు. తన సొంత కొండ పల్లెల్లో నీటి కటకట ఎలా ఉంటుందో, ఇంట్లో మిగిలిన చివరి గుక్కెడు నీళ్ళు తాగినందుకు ఒక పిల్లవాడిని తల్లి కొట్టడం తాను చిన్నప్పుడు ఎలా చూశాడో, మహారాజుకు ఒకసారి చెప్పాడు. ఆ కొండలు సుద్దరాయి. వాన నీరు పడ్డట్టే పడి కిందికి ఇంకిపోతుంది, చెరువుల్లో నిలవదు. రీడ్ ఇంగ్లండ్ తిరిగి వచ్చాక మహారాజు ఆ మాట గుర్తు పెట్టుకుని, బావికి డబ్బిస్తానని కబురు పంపాడు.

మనుషులు చేతులతోనే తవ్వారు. వెడల్పు నాలుగడుగులు, లోతు 368 అడుగులు. అంటే రెండు చార్మినార్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టి లోపలికి దించినంత. ఖర్చు 353 పౌండ్ల 13 షిల్లింగుల 7 పెన్సులు. నీళ్ళు తోడే యంత్రాన్ని పోతపోసింది మీరు పగలంతా తిరిగిన ఊరిలోనే, వాలింగ్‌ఫర్డ్‌లోని వైల్డర్ల ఇనుప కార్ఖానాలో. 1864 మే 24న తెరిచారు. ఖర్చులకు ఆదాయం రావాలని పక్కనే వేసిన చెర్రీ తోటకు "ఈశ్వరీ బాగ్" అని పేరు పెట్టారు. డెబ్భై ఏళ్ళ పాటు ఆ పల్లె ఆ నీళ్ళే తాగింది.

బావి చూడటానికి రుసుము లేదు, రోడ్డు పక్కనే ఉంది. నోటికి మూత ఉంటుంది కాబట్టి పిల్లలతో భయం లేదు. మేము వెళ్ళినప్పుడు నాన్నగారు చక్రం మీద చెయ్యి వేసి, "నిండు బాన పైకి రావడానికి ఎంతసేపు పట్టేదో" అని లెక్కలు వేస్తూ నిలబడిపోయారు. చిల్టర్న్ దారులు ఇరుకు, రెండు కార్లు ఒకదాన్నొకటి దాటలేని చోట్లు చాలా ఉన్నాయి, దీపాలు లేవు. చీకటి పడకముందే పెద్ద రోడ్డు ఎక్కేయండి.